చప్పుడు పెరిగింది... మాట మాత్రం వినిపించలేదు!

మా చెల్లె వరపూజ రోజు. సిరిసిల్లలో మా ఇంటి ముందు షామియానా, దాని కింద ఓ అరవై మంది చుట్టాలు. పైన ఫ్యాన్లు, పక్కన కూలర్, మూలన స్పీకర్లో పాటలు. తాత కొత్త తెల్ల లాల్చీ వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. ఆయన రెండు చెవుల వెనక రెండు చిన్న బూడిద రంగు మిషన్లు. నా బోనస్ డబ్బులతో నేనే కొనిపెట్టాను. లక్షకు దగ్గర పడింది. ఆ రోజు వచ్చినవాళ్లందరికీ తాత ఎంత బాగా వింటున్నాడో చూపించాలని నాకు లోపల్లోపల ఉబలాటం.

అబ్బాయి వాళ్ల మేనమామ వచ్చి తాతను అడిగాడు. "పెద్దనాయినా, కారు యాడ పెట్టుమంటరు?"

తాత నవ్వుతూ చెయ్యి ఊపాడు. "చారా? లోపల గంజుల ఉన్నది. కూసోండ్రి, ఏపిస్తా."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. కానీ వాళ్లెందుకు నవ్వుతున్నారో తాతకు అర్థం కాలేదు. తనూ కాసేపు నవ్వాడు. తర్వాత మెల్లగా రెండు మిషన్లూ తీసి జేబులో వేసుకున్నాడు. రెండు నిమిషాలకు ఎక్కణ్నుంచో 'కీ...' అని సన్నటి కూత. అందరూ ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకుంటున్నారు. ఆ కూత తాత జేబులోంచి వస్తోందని నాకు ఒక్కడికే తెలుసు.

ఆ రాత్రి అడిగాను, ఎందుకు తీసేశావని. తాత చెప్పిన మాట ఇదీ: "గిది పెట్టుకుంటె ఫ్యాన్ సప్పుడు ఇనవడ్తది, గిన్నెల సప్పుడు ఇనవడ్తది, పోరగాండ్ల లొల్లి ఇనవడ్తది. మాట ఒక్కటే ఇనవడ్తలేదు బిడ్డా."

అప్పటిదాకా నేను కూడా ఇంట్లో అందరిలాగే అనుకున్నాను. తాత మొండి, అలవాటు చేసుకోడు అని. నేను ఆడియో ఇంజినీర్‌ని కాను. హైదరాబాద్‌లో ఓ కంపెనీలో సర్వర్ల వైపు కోడ్ రాసుకునే మామూలు సాఫ్ట్‌వేర్ వాడిని. కానీ బీటెక్‌లో సిగ్నల్ ప్రాసెసింగ్ ఓ సెమిస్టర్ చదివాను. యూజర్ ఒకే కంప్లైంట్ మళ్లీ మళ్లీ చేస్తుంటే తప్పు యూజర్‌ది కాకపోవచ్చు అనేది మా ఉద్యోగంలో మొదట నేర్చుకునే పాఠం. ఆ కంప్లైంట్ వెంట పడ్డాను. ఈ కథ అదే.

కారుకీ చారుకీ తేడా ఎక్కడుంది?

తాత ముప్పై ఏళ్లకు పైగా సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలు అంటాం. ఒక్కో షెడ్డులో పక్కపక్కనే వరసగా ఆడుతుంటాయి. లోపల ఇద్దరు మాట్లాడుకోవాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, లేదంటే చేతి సైగలు. 85 డెసిబెల్స్ దాటిన చప్పుడులో రోజూ ఎనిమిది గంటలు ఉంటే చెవికి ముప్పు. సాంచాల షెడ్డు ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే భాగం ఉంటుంది. అందులోని సన్నటి రోమ కణాలు శబ్దాన్ని నరాలకు అందేలా మారుస్తాయి. ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. పెద్ద చప్పుళ్లలో పనిచేసినవాళ్లకు ముందుగా 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి పడిపోతుంది. వయసుతో వచ్చే చెవుడు కూడా పై ఫ్రీక్వెన్సీల నుంచే మొదలవుతుంది. తాతకు రెండూ కలిశాయి.

ఇప్పుడు మన మాటను చూడండి. అ, ఆ, ఊ, ఓ లాంటి అచ్చులకు బలం ఎక్కువ, అదీ కింది ఫ్రీక్వెన్సీల్లో. స, శ, చ, త లాంటి హల్లుల్ని గుర్తుపట్టించే చిన్న చిన్న ఒరిపిళ్లు, పేలుళ్లు ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి. అవి చాలా బలహీనం కూడా. కారు, చారు, సారు, తారు... ఈ నాలుగింట్లో 'ఆరు' అనే తోక ఒకటే. తేడా అంతా ముందున్న హల్లులో, అదీ సెకనులో పదో వంతు కూడా ఉండని ముక్కలో. ఆ ముక్క తాతకు చేరదు. తోక మాత్రం నిక్షేపంగా చేరుతుంది. ఖాళీని మెదడు తనకు తోచిన హల్లుతో నింపుకుంటుంది. విందు జరిగే చోట 'చారు' అని నింపుకోవడంలో తాత తప్పేమీ లేదు.

మన తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. అందుకే ఇలాంటి చెవికి మాటల రాగం అంతా వినిపిస్తుంది, మాట మాత్రం తెలియదు. "నువ్వు మాట్లాడుతున్నవని తెలుస్తది, ఏం మాట్లాడుతున్నవో తెల్వది" అని పెద్దవాళ్లు అనేది దీని గురించే.

సౌండ్ పెంచితే పోలా?

నేనూ అలాగే అనుకున్నాను. కళ్లద్దాలు కొన్నట్టు కొన్నాను. పెట్టుకోగానే కనిపించాలి అంతే. కానీ అద్దం పని వెలుతురును సరైన చోట చేర్చడం. వెనక రెటీనా బాగుంటే చాలు. ఇక్కడ చెడిపోయింది రెటీనా లాంటి భాగమే.

ఇంకో చిక్కు ఉంది. దెబ్బతిన్న చెవికి చిన్న చప్పుడు అసలు వినిపించదు. పెద్ద చప్పుడు మాత్రం మనకు ఎంత పెద్దగా వినిపిస్తుందో దానికీ అంతే పెద్దగా వినిపిస్తుంది. ఆ రెండింటి మధ్య జాగా ఇరుకైపోతుంది. అందుకే "కొంచెం గట్టిగా చెప్పు" అని, గట్టిగా చెప్పగానే "ఎందుకట్ల ఒర్లుతున్నవ్!" అని కోప్పడే తాతలు ప్రతి ఇంట్లో ఉంటారు. అది చాదస్తం కాదు, చెవి లోపలి లెక్క.

కాబట్టి మంచి హియరింగ్ ఎయిడ్ అన్నిటినీ ఒకేలా పెంచదు. చిన్న శబ్దాన్ని బాగా పెంచుతుంది, మధ్యరకాన్ని కొంచెం పెంచుతుంది, పెద్ద శబ్దాన్ని దాదాపు ముట్టుకోదు. దీన్నే కంప్రెషన్ అంటారు. అదీ ఒక్కో ఫ్రీక్వెన్సీ పట్టీకి ఒక్కో లెక్కలో. తాతకు 4,000 హెర్ట్జ్ దగ్గర ఎక్కువ కావాలి, 500 దగ్గర దాదాపు అక్కర్లేదు.

ఈ కంప్రెషన్‌కు ఒక దుష్ఫలితం ఉంది. మాటల మధ్య గ్యాప్ వచ్చినప్పుడు మిగిలేది ఫ్యాన్ చప్పుడే. అది చిన్న శబ్దం. 'ఓహో, చిన్నది వచ్చింది' అని మిషన్ దాన్నే పెంచుతుంది. తాత కంప్లైంట్‌లో మొదటి ముక్క "ఫ్యాన్ సప్పుడు ఇనవడ్తది." తాత కరెక్టే చెప్పాడు.

చెవి వెనక కంప్యూటర్

పూర్తిగా డిజిటల్ హియరింగ్ ఎయిడ్లు మార్కెట్లో నిలదొక్కుకున్నది 1990ల మధ్యలో. వైడెక్స్ కంపెనీ సెన్సో, ఓటికాన్ కంపెనీ డిజిఫోకస్ ఆ తరంలోవి. అప్పట్నుంచి లోపలి దారి దాదాపు ఒకటే. మైకు శబ్దాన్ని కరెంటుగా మారుస్తుంది. చిప్ దాన్ని సెకనుకు పదహారు వేలో ఇరవై వేలో అంతకంటే ఎక్కువో సార్లు కొలిచి అంకెలు చేస్తుంది. ఆ అంకెల్ని ఫ్రీక్వెన్సీ పట్టీలుగా విడదీసి, ఏ పట్టీకి ఎంత పెంచాలో లెక్కేసి, మళ్లీ కలిపి చిన్న స్పీకర్‌కు ఇస్తుంది. ఆ స్పీకర్‌ను ఈ రంగంలో 'రిసీవర్' అంటారు.

వినడానికి సులువుగా ఉంది కదా? సాఫ్ట్‌వేర్ వాడిగా నన్ను భయపెట్టింది టైమ్ లిమిట్. వీడియో కాల్‌లో మాట సెకనులో పదో వంతు లేటైనా మనకు పట్టదు. ఇక్కడ మొత్తం పని పది మిల్లీసెకన్ల లోపే అయిపోవాలి. ఎందుకంటే చెవిలోకి అసలు శబ్దం కూడా కొంత నేరుగా వెళ్తూనే ఉంటుంది. మిషన్ శబ్దం లేటైతే రెండూ గుద్దుకుని డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. ఆలస్యం ఇంకా పెరిగితే ఎదుటివాళ్ల పెదాలకూ మాటకూ పొంతన ఉండదు. పైగా ఇదంతా చిన్న బటన్ బ్యాటరీ మీద రోజంతా నడవాలి. నేను ఆఫీసులో ఒక ఏపీఐ 200 మిల్లీసెకన్లలో జవాబిస్తే పార్టీ ఇస్తాను!

ల్యాప్‌టాప్‌లో బాపమ్మ గొంతు

చదివితే అర్థమయ్యేది సగమే. ఓ ఆదివారం ఫోన్ టేబుల్ మీద పెట్టి మా బాపమ్మ మాటలు రికార్డు చేశాను. పైన ఫ్యాన్, వంటింట్లో కుక్కర్, పక్క గదిలో టీవీ. రాత్రి పైథాన్‌లో 'స్పెక్ట్రల్ సబ్‌ట్రాక్షన్' రాశాను. స్టీవెన్ బోల్ అనే ఇంజినీర్ 1979లో ప్రచురించిన పద్ధతి ఇది. ఆలోచన మన ఇంట్లో తూకం లాంటిదే. ముందు ఖాళీ గిన్నె తూచాలి, తర్వాత బియ్యంతో తూచి గిన్నె బరువు తీసేయాలి. ఎవరూ మాట్లాడనప్పుడు ఫ్యాన్ చప్పుడు ఏ ఫ్రీక్వెన్సీలో ఎంతుందో కొలువు. మాట వచ్చినప్పుడు అంత తీసెయ్.

రన్ చేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ఫ్యాన్ మాయం! కుర్చీలోంచి లేచినంత పని చేశాను. రెండో నిమిషంలో అసలు సంగతి తెలిసింది. బాపమ్మ గొంతు వెనక నీళ్లలో గజ్జెలు కదిలినట్టు వింత శబ్దం. ఈ రంగంలో దీనికి పేరే ఉంది, 'మ్యూజికల్ నాయిస్'. ఫ్యాన్ చప్పుడు క్షణక్షణం కొద్దికొద్దిగా మారుతుంటుంది. గిన్నె బరువు ఎప్పుడూ ఒకటే కాదన్నమాట. ఒక క్షణం తక్కువ తీస్తాం, మరో క్షణం ఎక్కువ తీస్తాం. మిగిలిన ముక్కలే గజ్జెలు. ఇంకాస్త గట్టిగా కోశాను. గజ్జెలు పోయాయి, వాటితోపాటు బాపమ్మ మాటల్లోని 'స', 'చ'లు కూడా పోయాయి. తాతకు ఏది వినిపించడం లేదో సరిగ్గా దాన్నే నా కోడ్ కోసేసింది.

తర్వాత వచ్చిన పద్ధతులు ఈ గజ్జెల్ని చాలావరకు తగ్గించాయి. 1984లో ఎఫ్రయిమ్, మలా ఇద్దరూ ఇచ్చిన లెక్క వాటిలో ముఖ్యమైనది. కానీ ఒక మైకుతో వచ్చిన శబ్దంలోంచి చప్పుడును తీసే పాత తరహా పద్ధతులన్నిటికీ ఒకే హద్దు ఉంది. వాటివల్ల వినడం హాయిగా ఉంటుంది, అలసట తగ్గుతుంది. మాట అర్థమవడం మాత్రం పెద్దగా పెరగదు. డబ్బా మీద 'నాయిస్ రిడక్షన్' అని చూసి కొన్నప్పుడు నాకు ఈ రెండూ వేర్వేరని తెలియదు.

చిప్‌ను బోల్తా కొట్టించిన సాంచా

మరి మాట ఏదో, చప్పుడు ఏదో మిషన్ ఎలా పోల్చుకుంటుంది? చాలా మిషన్లు చూసేది ఊపును. మనం మాట్లాడేటప్పుడు గొంతు సెకనుకు సుమారు నాలుగు సార్లు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, ఒక్కో అక్షరానికి ఒక్కో అల. ఫ్యాన్, కూలర్, బస్సు ఇంజిన్ అలా ఊగవు. ఏకధాటిగా మోగుతాయి. ఏ పట్టీలో ఊపు లేదో ఆ పట్టీని మిషన్ తగ్గిస్తుంది.

ఇది చదవగానే నాకు మా వీధి గుర్తొచ్చింది. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఇప్పటికీ సాంచాలు ఆడుతుంటాయి. సాంచాలో నాడె నిమిషానికి వందకు పైగా సార్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. అంటే సెకనుకు రెండు దెబ్బలు. మాట ఊపుకు అది మరీ దూరం కాదు! ఫోన్లో రికార్డు చేసి గ్రాఫ్ గీస్తే స్పష్టంగా కనబడింది, ఫ్యాన్ గీత చదునుగా, సాంచా గీత మాటలాగే ఎత్తుపల్లాలుగా. నా చిన్న ప్రోగ్రాం సాంచాను మాటే అనుకుని వదిలేసింది. తాత మిషన్‌లోని ప్రోగ్రాం నాదానికంటే చాలా తెలివైనదే. అయినా దానికీ ఇలాంటి చప్పుడు కష్టమే.

అన్నిటికంటే కష్టమైన చప్పుడు వరపూజ షామియానాలో ఉన్నదే. పక్కవాళ్ల మాటలు. ఊపు ఒకటే, ఫ్రీక్వెన్సీ ఒకటే. ఆ గుంపులో నాకు కావలసిన గొంతు ఏదో చిప్‌కు ఎవరు చెప్పాలి? కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త 1953లోనే దీనికి 'కాక్‌టెయిల్ పార్టీ సమస్య' అని పేరు పెట్టాడు. మన భాషలో పెళ్లి పందిరి సమస్య అనుకోండి.

రెండు మైకుల లెక్క

గుంపులో పనికొచ్చే పాత ఆయుధం ఒకటుంది, దిక్కు. తాత మిషన్‌ను దగ్గరగా చూస్తే పైన రెండు సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. ముందొకటి, వెనకొకటి. మధ్య దూరం సెంటీమీటర్ అటూ ఇటూ. వెనక నుంచి వచ్చే శబ్దం ముందు వెనక మైకును తాకి, సెకనులో లక్షో వంతులు మూడు గడిచాక ముందు మైకును తాకుతుంది. వెనక మైకు శబ్దాన్ని సరిగ్గా అంతసేపు ఆపి ముందుదానిలోంచి తీసేస్తే, వెనక నుంచి వచ్చింది కొట్టుకుపోతుంది. ముందు ఉన్న మనిషి మాట మిగులుతుంది.

ఈ ఉపాయం మాట అర్థమవడాన్ని నిజంగానే పెంచుతుంది. షరతులు మాత్రం ఉన్నాయి. మాట్లాడే మనిషి ఎదురుగా, దగ్గరగా ఉండాలి. చప్పుడు వెనకో పక్కనో ఉండాలి. రెండు రంధ్రాలూ శుభ్రంగా ఉండాలి. ఒకటి మూసుకుపోయినా లెక్క తప్పుతుంది. వరపూజ రోజు స్పీకర్ తాతకు ఎదురుగా ఉంది. మేనమామ పక్క నుంచి వచ్చి అడిగాడు. అంటే మిషన్ పాటను పట్టుకుని మనిషిని తగ్గించింది!

ఏఐ వచ్చింది కదా!

వచ్చింది. నిజంగానే పెద్ద మార్పు తెచ్చింది. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డెలియాంగ్ వాంగ్ బృందం 2013లో ఒక ఫలితం ప్రచురించింది. మాట, చప్పుడు కలిసిన వేల శాంపిళ్లతో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చి, శబ్దంలోని ఏ చిన్న గడి మాటదో ఏది చప్పుడుదో పోల్చుకోవడం నేర్పారు. ఒక్క మైకు శబ్దంతోనే వినికిడి లోపం ఉన్నవాళ్లకు మాట అర్థమవడం బాగా పెరిగింది. కొన్ని పరీక్షల్లో వాళ్లు, ఆ సాయం లేని మామూలు చెవి వాళ్లను కూడా దాటారు. వాంగ్ తల్లికి కూడా చెవుడు వచ్చింది. ఆ సంగతి ఆయనే ఒక వ్యాసంలో రాశాడు. అది చదివిన రోజు నాకు తాత గుర్తొచ్చాడని వేరే చెప్పాలా?

అప్పుడది కంప్యూటర్ మీద ప్రయోగం. చెవి వెనక్కి రావడానికి ఏళ్లు పట్టింది. ఓటికాన్ మోర్ అనే మోడల్‌లో న్యూరల్ నెట్‌వర్క్ వచ్చింది. 2024లో ఫోనాక్ స్ఫియర్ అనే మోడల్‌లో మాటను చప్పుడు నుంచి విడదీసే పనికే ప్రత్యేకంగా ఒక చిప్ పెట్టారు. అదే ఏడాది సెప్టెంబర్లో ఎయిర్‌పాడ్స్ ప్రో 2ను హియరింగ్ ఎయిడ్‌లా వాడే సాఫ్ట్‌వేర్‌కు అమెరికా అనుమతి దొరికింది. మొదట్లో అది ఇండియాలో పనిచేయలేదు. బెంగళూరులో కొందరు కుర్ర ఇంజినీర్లు తమ నానమ్మల కోసం, ఫోన్ అమెరికాలో ఉన్నట్టు నమ్మించడానికి మైక్రోవేవ్ అవెన్‌తో, రాగి జాలీతో తంటాలు పడి దాన్ని ఆన్ చేసుకున్నారు. ఈ పిచ్చి నాకొక్కడికే లేదని తెలిసి సంతోషపడ్డాను.

కానీ ఎయిర్‌పాడ్స్ లాంటివి తక్కువ, మధ్యస్థ లోపానికే. ఏఐ చిప్ ఉన్న మోడళ్ల ధర తాత జీవితంలో ఒక సాంచా మీద సంపాదించినదానికి పోటీ. బ్యాటరీ తొందరగా అయిపోతుంది. తాత మిషన్ మార్చేద్దామా అని ఈఎంఐ లెక్కలు వేస్తుండగా, ముందు ఉన్నదాన్ని ఎవరికైనా చూపించమని ఓ డాక్టర్ ఫ్రెండ్ అన్నాడు.

అసలు తప్పు ఎక్కడ జరిగింది?

తాతను హైదరాబాద్ తీసుకొచ్చి ఒక ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. ఆమె ముందు మిషన్‌ను కాదు, చెవిని చూశారు. తర్వాత నన్నడిగారు. "ఇది అమ్మినప్పుడు సౌండ్‌ప్రూఫ్ గదిలో టెస్ట్ చేశారా?" లేదు. షాపులో రోడ్డు మీద హారన్లు వినిపిస్తుండగా పది నిమిషాల్లో అయిపోయింది. "చెవిలో సన్నటి గొట్టం పెట్టి కొలిచారా?" అదేంటో కూడా నాకు తెలియదు.

దాన్ని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. ఒక్కొక్కరి చెవి రంధ్రం ఒక్కో సైజు. ఒకే మిషన్ ఇద్దరి చెవుల్లో ఒకే శబ్దం ఇవ్వదు. కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత శబ్దం చేరుతోందో సన్నటి గొట్టం మైకుతో కొలిచి, ఆడియోగ్రామ్ ప్రకారం ఎంత చేరాలో దానితో పోల్చి సరిచేస్తారు. తాత చెవిలో కొలిస్తే 3,000 హెర్ట్జ్ పైన చేరాల్సినదానికంటే చాలా తక్కువ చేరుతోంది. కిందివి ఎక్కువ చేరుతున్నాయి. అంటే చారు, కారు తేడా చెప్పే ముక్క అలాగే మాయం, ఫ్యాన్ మాత్రం ఫుల్ సౌండ్. లక్ష రూపాయల కంప్యూటర్‌ను డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో వాడుతున్నాం!

ఇంకా రెండు చిన్న తప్పులు. చెవిలో పెట్టే రబ్బరు బుడిపె సైజు వదులు. శబ్దం బయటికి కారి మళ్లీ మైకులోకి వెళ్తోంది. కూత దానివల్లే. స్పీకర్ ముందు మైకు పెడితే కీచుమన్నట్టే. జేబులో ఆన్‌లో ఉన్న మిషన్ కూసిందీ అందుకే. ఆ కూతను ఆపడానికి మిషన్ తనంతట తానే పై ఫ్రీక్వెన్సీలను తగ్గించుకుంటోంది. రెండోది, వెనక మైకు రంధ్రంలో దుమ్ము. దిక్కుల లెక్క మొత్తం దానితోనే పోయింది. ఆమె చిన్న బ్రష్‌తో తుడిచారు. పట్టింది అర నిమిషం.

నాయిస్ రిడక్షన్‌ను ఫుల్‌లో పెట్టమన్నాను నేను. ఆమె మధ్యలో పెట్టారు. "మరీ కోస్తే మాట కూడా తెగుతుంది," అన్నారు. నా ల్యాప్‌టాప్ గజ్జెలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మిగతా సగం మన చేతిలో

ఆమె చివర్లో ఇంకో మాట అన్నారు. మిషన్ చేసేది సగం పనే, మిగతాది ఇంట్లోవాళ్లు చేయాలి అని. లెక్క చూస్తే నిజమే. మనకు మాట, చప్పుడు సమానంగా ఉన్నా చాలావరకు అర్థమవుతుంది. తాతకు మాట అంతకంటే స్పష్టంగా పైన ఉండాలి. మనిషి దూరం సగానికి తగ్గితే మాట సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అంత లాభం అవలీలగా ఇచ్చే చిప్ లేదు. ఫ్రీగా దొరికేది ఒక్క అడుగు ముందుకు వేయడమే.

ఇప్పుడు మా ఇంట్లో పాటిస్తున్నవి ఇవి. మీ ఇంట్లోనూ పనికొస్తాయి:

• ముందు పేరు పెట్టి పిలుస్తాం. తాత ఇటు తిరిగాకే అసలు మాట. వెనక నుంచి, వంటింట్లోంచి అరవడం బంద్.

• మాట్లాడేటప్పుడు టీవీ మ్యూట్. అరవం, కొంచెం నిదానంగా చెప్తాం. అరిస్తే అచ్చులే పెరుగుతాయి, హల్లులు పెరగవు.

• అర్థం కాకపోతే అదే మాట మళ్లీ చెప్పం, మార్చి చెప్తాం. "కారు" తెలియకపోతే "బండి" అంటాం.

• ఫంక్షన్‌లో తాతను గోడ వైపు వీపు పెట్టి కూర్చోబెడతాం. స్పీకర్ ఆయన వెనక వైపు ఉండేలా చూస్తాం.

• దూరంగా ఉన్నవాళ్ల మాట కోసం చిన్న క్లిప్ మైకు కొన్నాం. మాట్లాడేవాళ్ల చొక్కాకు పెడితే నేరుగా మిషన్‌లోకి వస్తుంది.

• మొదటి వారం రోజుకు రెండు గంటలు, అదీ నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో. ఏళ్ల తరబడి వినని శబ్దాలకు మెదడు అలవాటు పడటానికి వారాలు పడుతుంది. మొదటి రోజే ఫంక్షన్‌కు తీసుకెళ్లడం నా తప్పు.

• పేపర్ తీసి వాడే జింక్ బ్యాటరీ అయితే, స్టిక్కర్ పీకాక ఓ నిమిషం గాలి తగలనిచ్చి వేయాలి. గాలితోనే అది పనిచేస్తుంది.

కొనే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. ఒక్కోసారి గులిమి అడ్డుపడటమే కారణం కావచ్చు. ఒక్కసారిగా వినికిడి పడిపోతే మాత్రం ఆలస్యం చేయకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. డబ్బు ఇబ్బంది ఉంటే కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకం కింద అర్హులకు హియరింగ్ ఎయిడ్లు ఇస్తారు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం లాంటి చోట్ల పరీక్షలు చేస్తారు.

ఇది చదువుతూ చెవిలో ఇయర్‌బడ్స్ పెట్టుకున్న మీకూ ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు దాకా సేఫ్. సౌండ్ పెరిగేకొద్దీ ఆ గంటలు గబగబా తరిగిపోతాయి. తాతకు సాంచా తప్పలేదు, అది ఆయన కూడు. మనకు వాల్యూమ్ బటన్ చేతిలోనే ఉంది.

మళ్లీ అదే మేనమామ

ఆరు నెలలకు చెల్లె పెళ్లి. తాత అన్నీ వింటున్నాడని చెప్పను. బ్యాండ్ మోగినప్పుడు మిషన్లు తీసి డబ్బాలో పెట్టుకున్నాడు, అది సరైన పనే. గుంపులో సగం మాటలు ఇంకా జారిపోతూనే ఉన్నాయి. కానీ ఇప్పుడు జారిపోతే "ఏమన్నరు?" అని అడుగుతున్నాడు. ఇదివరకు నవ్వి ఊరుకునేవాడు.

భోజనాల దగ్గర అబ్బాయి మేనమామ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. పాత సంగతి ఆయనకూ గుర్తున్నట్టుంది, ఏం మాట్లాడాలో తెలియక కొంచెం మొహమాటపడుతున్నాడు. తాతే ముందు కదిలాడు. చెవి మీది మిషన్ ఒకసారి సర్దుకుని అడిగాడు.

"కారు మంచిగ పెట్టిన్రా?"

ఆయన తలూపాడు. "పెట్టినం పెద్దనాయినా."

"మరింక చారు వోపియ్యన్నా?"

ఈసారి అందరికంటే ముందు తాతే నవ్వాడు.